హైస్కూల్ క్యాంపస్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం: చేరొచ్చా? లోపల పని నిజంగా ఎలా ఉంటుంది?

గూడెం ఫౌజీ

నమస్కారం అండి. నేను ఆర్మీలో హవల్దార్‌గా చేసి ఈమధ్యే రిటైరై ఇంటికొచ్చాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా పక్కనున్న మాధవరం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, ఇంటికొకరు ఫౌజులో ఉంటారని పేరు. దాంతో ఈ చుట్టుపక్కల రిటైరై వచ్చినవాళ్లమూ ఎక్కువే, బ్యాంకు గన్‌మెన్ పోస్టు ఒకటి పడిందంటే ఎగబడిపోతారు. హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నారు. సైటు ఊరి బయట ఒక ప్రైవేట్ హైస్కూల్. 6 నుంచి 10 వరకు తరగతులు, డే స్కాలర్లే ఎక్కువ, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా హాస్టల్ బ్లాకులు కూడా ఉన్నాయట. రెండు షిఫ్టులకీ కలిపి నా కింద పద్నాలుగు మంది గార్డులు, అందులో ఇద్దరు లేడీ గార్డులు. 12 గంటల డ్యూటీ, జీతం 22,000, రూమ్ వాళ్లే ఇస్తారు.

మా ఆవిడేమో పిల్లల స్కూలే కదా, గొడవలుండవు, వెళ్లమంటోంది. నాతోపాటు రిటైరైన ఒకాయన మాత్రం స్కూల్ సైటు వద్దు, ఐటీ కంపెనీలో ఏసీ లాబీ చూసుకో, స్కూలంటే తలనొప్పి అంటున్నాడు. ఎందుకో అడిగితే సరిగ్గా చెప్పడు. నాకు తెలియాల్సిందల్లా, అక్కడ రోజంతా చేసే పనేంటి, నేను ఎవరి మాట వినాలి, ప్రిన్సిపల్‌దా ఏజెన్సీదా? పిల్లల బ్యాగులు చెక్ చేసే అధికారం మనకుంటుందా? పెద్ద క్లాసు కుర్రాళ్లు కొట్టుకుంటుంటే పట్టుకోవచ్చా? ఫౌజులో ఒక్క ఆర్డర్‌తో అయిపోయేది, ఇక్కడ అలా కుదరదని తెలుసు. ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి.

నైట్ రౌండ్

అన్నా, నేను చేస్తున్నది ఇదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ అవతల ఒక స్కూల్లో, హాస్టల్ కూడా ఉంది. మీ ఫ్రెండ్ తలనొప్పి అన్నాడు చూడండి, నిజమే, కానీ ఆయన అనుకుంటున్న తలనొప్పి వేరే అయ్యుంటుంది. స్కూల్‌కి దొంగలు రావడం తక్కువ. వస్తే మోటారు, రాగి వైరు, లేదంటే కంప్యూటర్ ల్యాబ్. దానికి రెండు లైట్లు, ఒక మంచి నైట్ గార్డు చాలు. అసలు పని సాయంత్రం స్కూల్ వదిలే అరగంటలో ఉంటుంది.

ఆ అరగంట ఎలా ఉంటుందంటే, గంట కొట్టకముందే గేటు బయట ఆటోలు అడ్డదిడ్డంగా ఆగిపోతాయి, పేరెంట్స్ బైకులు ఆటోలకి బస్సులకి మధ్యలోకి దూరతాయి, లోపల బస్సులన్నీ ఒకేసారి స్టార్ట్ చేస్తారు. 6వ తరగతి పిల్లలు బ్యాగు బరువుకి వెనక్కి వంగి పరుగెత్తుతుంటారు, 10వ తరగతి వాళ్లు సరిగ్గా బస్సు వెనక చక్రం దగ్గరే నిలబడి ముచ్చట్లు పెడతారు. అప్పుడు డ్రైవర్ రివర్స్ గేర్ వేస్తాడు. క్లీనర్ కిందకి దిగి బస్సు వెనక నిలబడి విజిల్ వేయాలి, కానీ వాడు అప్పటికే ఫుట్‌బోర్డు ఎక్కి ఫోన్ చూస్తుంటాడు. నేను ముందు చేసిన పని ఇదే, పిల్లలందరూ గేటు దాటడమో బస్సు ఎక్కడమో అయ్యేదాకా ఏ బస్సూ కదలకూడదు, రివర్స్ అసలే వద్దు, పొద్దున లోపలికి వచ్చేటప్పుడే బస్సులన్నీ ముక్కు గేటు వైపు ఉండేలా పెట్టించాలి. డ్రైవర్లు నెలరోజులు తిట్టుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

రెండోది పిల్లని ఎవరి చేతికి ఇస్తున్నాం అన్నది. మధ్యాహ్నం ఒకాయన వచ్చి, నేను వాళ్ల బాబాయిని, ఇంట్లో ఫంక్షన్ ఉంది పంపించండి అంటాడు. పిల్లవాడు కూడా అవును బాబాయే అంటాడు. అయినా పంపకూడదు. క్లాస్ టీచర్, ఏఓ (స్కూల్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) ఇద్దరి సంతకాలున్న ఔట్‌పాస్ ఉండాలి, ఇంటికి ఫోన్ చేయాలి, ఆ ఫోన్ కూడా అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబరుకే చేయాలి. వచ్చినాయన తన ఫోన్ కలిపి ఇదిగో వాళ్ల నాన్న లైన్లో ఉన్నాడు మాట్లాడండి అని చేతికిస్తాడు, తీసుకోవద్దు. తల్లిదండ్రులు విడిగా ఉంటున్న పిల్లల విషయం ఇంకా సున్నితం. ఫలానావాళ్లు వస్తే పంపొద్దని కోర్టు కాగితంతో సహా తల్లో తండ్రో స్కూల్‌కి రాసిస్తారు, ఆ కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటుంది, గేటు దగ్గరున్న గార్డుకి తెలియదు. అడిగి తీసుకోండి. తీసుకుని గోడకి అంటించొద్దు, వచ్చిపోయే పేరెంట్స్ అందరూ చదువుతారు. రిజిస్టర్ కింద సొరుగులో పెట్టి షిఫ్ట్ మారినప్పుడల్లా గార్డుకి చూపించాలి.

రాత్రి హాస్టల్ గురించి చెప్పాలంటే చాలా ఉంది. గోడ దూకి షవర్మాకి పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఇప్పుడు దూకక్కర్లేదు కూడా, ఆర్డర్ పెడితే డెలివరీ బాయ్ వెనక గోడ దగ్గరికి తెస్తాడు, వీళ్లు రెండో అంతస్తు కిటికీ నుంచి బకెట్‌కి దుప్పట్లు ముడేసి దింపుతారు. ఆ మూల పాయింట్‌లో ఉన్న గార్డుకి యాభై రూపాయలో ఒక బిర్యానీ పార్సిలో ముడుతుంది. అందుకే పాయింట్లు వారానికోసారి మార్చాలి. అది పెద్ద తప్పని కాదు, ఈరోజు బిర్యానీ పైకి ఎక్కిన దారిలోనే రేపు ఇంకేదో ఎక్కుతుంది. ఈ-సిగరెట్లు 2019లోనే నిషేధించారు, అయినా పెన్‌డ్రైవ్‌లా కనిపించే వేప్‌లు 9వ తరగతి పిల్లల దగ్గర దొరుకుతున్నాయి.

కానీ అల్లరి చేసేవాళ్లతో నాకు టెన్షన్ లేదు. దసరాకో సంక్రాంతికో ఇంటికెళ్లి వచ్చిన వారంలో ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడు, గేటు దగ్గరికొచ్చి ఊరికే నిలబడి, అంకుల్ జేబీఎస్ బస్టాండ్‌కి ఇక్కడినుంచి బస్సు ఎన్నింటికి అని అడిగేవాడు, వాడితోనే టెన్షన్. అడిగిన వెంటనే వార్డెన్‌కి చెప్పాలి, మందలించమని కాదు, ఆ రాత్రి ఇంటికి ఫోన్ మాట్లాడించమని. మార్కులు ఇచ్చిన రోజు కూడా అంతే. టెర్రస్ తాళం చెవి మీ దగ్గర గానీ డ్యూటీలో ఉన్న వార్డెన్ దగ్గర గానీ ఉండాలి, పెయింటర్ వచ్చాడు, ట్యాంకు క్లీనింగ్ అని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకూడదు.

అదే సమయంలో ఫైర్ ఎగ్జిట్ తలుపులకి మాత్రం తాళం వేయనివ్వొద్దు. పిల్లలు పారిపోతారని రాత్రిపూట వాటికి కూడా తాళం వేస్తారు, చాలా చోట్ల చూశా. కుంభకోణంలో 2004లో 94 మంది పిల్లలు చనిపోయిన స్కూలు గుర్తుందా, వంటగదిలో లేచిన మంట పూరి కప్పుకి అంటుకుంది, మెట్లు ఇరుకు. పారిపోయేవాడిని పట్టుకోవడానికి మనుషులున్నారు, తాళం వేసిన తలుపు దగ్గర ఎవరూ ఏమీ చేయలేరు.

బాసుల సంగతి. జీతం ఏజెన్సీ ఇస్తుంది, పని ఏఓ చెప్తాడు, తిట్టేది ప్రిన్సిపల్, మధ్యలో మేనేజ్‌మెంట్ తరఫు కరస్పాండెంట్ గారి బావమరిది వచ్చి నా కారుకి గేటు ఎందుకు లేటుగా తీశారు అంటాడు. చేరేముందే, రోజువారీ ఆర్డర్ ఎవరిదో ఒక్కరి పేరు రాసి ఇమ్మనండి. ఇంకో మాట, ఏమీ అనుకోవద్దు, పాత కాంబాట్ ప్యాంటు వేసుకుని డ్యూటీకి రాకండి. చాలామంది ఎక్స్ సర్వీస్‌మెన్ వేసుకొస్తారు. 2005 ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డుగానీ సూపర్‌వైజర్‌గానీ ఆర్మీ, పోలీసు యూనిఫాంలా కనిపించేది వేసుకుంటే ఏడాది దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా.

చేరాలా వద్దా అంటే, ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లి ఆ గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి చూడండి, మీకే అర్థమవుతుంది.

గూడెం ఫౌజీ

అన్నా, చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బస్సుల సంగతి నా బుర్రకి అసలు తట్టలేదు. బ్యాగుల చెకింగ్ గురించి, కొట్టుకునే కుర్రాళ్ల గురించి కూడా చెప్తారా? మా బ్యాచ్‌మేట్ ఒకడు వేరే ఊళ్లో స్కూల్ సైటులో ఉన్నాడు, రెండు పీకితే మళ్లీ నోరెత్తరు, పేరెంట్స్ కూడా ఏమీ అనరు అంటున్నాడు. నాకెందుకో అది సరిగ్గా అనిపించట్లేదు.

సోషల్ టీచర్

ఫౌజీ గారూ, మీకు అనిపించిందే కరెక్టు. ఆ బ్యాచ్‌మేట్ మాట వినకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని పూర్తిగా నిషేధించింది. టీచర్లమే చెయ్యి ఎత్తకూడదు, ఇక సెక్యూరిటీ ఎత్తితే మేనేజ్‌మెంట్ మొదటి ఐదు నిమిషాల్లోనే అతను మా స్టాఫ్ కాదు, ఏజెన్సీవాడు అనేస్తుంది. కొట్టుకుంటున్నవాళ్లని విడదీయడం వేరు, అది చేయాల్సిందే. ఇద్దరి మధ్య నిలబడండి, పెద్ద గొంతుతో పేరు పెట్టి పిలవండి (పేర్లు తెలిసుండటం ఇందుకే, పేరు వినగానే సగం మంది ఆగిపోతారు), చుట్టూ చేరినవాళ్లని ముందు పంపేయండి. చూసేవాళ్లు లేకపోతే చాలా గొడవలు అక్కడే చల్లబడతాయి. తర్వాత ఆటల టీచర్ పీఈటీకో ఇన్‌చార్జ్‌కో అప్పగించి పక్కకి రండి. శిక్ష మీ పని కాదు.

బ్యాగులు టీచరే చూడాలి, గార్డు పక్కన సాక్షిగా ఉంటే చాలు. అమ్మాయిల బ్యాగులు లేడీ స్టాఫ్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఒంటి మీద తడిమి చూడటం ఎవరికీ, ఏ కారణానికీ వద్దు. మా స్కూల్లో ఫోన్లు దొరికితే కవర్లో పెట్టి పేరు రాసి పేరెంట్‌కి ఇచ్చేదాకా ఆఫీసు లాకర్లో ఉంచుతాం, గార్డు చేతిలో ఒక్క నిమిషం కూడా ఉంచం. లేకపోతే ఆ ఫోన్‌లో ఏదో చూశాడని, ఏదో తీసేశాడని నింద వస్తుంది.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇంకొకటి. పిల్లలు మాకు చెప్పనివి వాచ్‌మెన్‌కి, ఆయమ్మకి చెప్తారు. మార్కులు వేసేవాళ్లం కాబట్టి మా దగ్గర భయం, మీరు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి పంపే మనిషి. ఏ అమ్మాయో అబ్బాయో మీ దగ్గరికొచ్చి వ్యాన్ అంకుల్ ఇలా చేస్తున్నాడు, ఫలానా సార్ ఇలా ముట్టుకుంటున్నాడు అని చెప్తే, విన్నాక మీరు మేనేజ్‌మెంట్‌కి చెప్పేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా. స్కూలు పరువు పోతుంది కాస్త ఆగు అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు, 112 మీ ఫోన్‌లో ముందే పెట్టుకోండి. పిల్లని పదేపదే ప్రశ్నలు అడగొద్దు, చెప్పింది చెప్పినట్టు టైముతో సహా రాసుకోండి, సీసీటీవీ ఫుటేజ్ చెరిగిపోకుండా కాపీ తీసి ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఆ క్లిప్ ఎవరికీ వాట్సాప్‌లో పంపొద్దు, మీ ఏజెన్సీ గ్రూప్‌కి కూడా.

2022లో బంజారాహిల్స్‌లో ఒక స్కూల్ ప్రిన్సిపల్ డ్రైవర్ చిన్నపిల్ల మీద చేసిన ఘోరం అందరికీ తెలుసు, అతనికి మరుసటి ఏడాది 20 ఏళ్ల శిక్ష పడింది. డ్రైవర్‌కి క్లాసుల వైపు ఏం పని అని అడిగే మనిషి ఒక్కడుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ పనిలో అదొక భాగం, ఫలానా మనిషి ఇక్కడ ఎందుకున్నాడు అని అడగడం. అతను కరస్పాండెంట్ గారి మనిషైనా సరే.

మీ గార్డులకి కూడా హద్దులు చెప్పండి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవద్దు, బైక్ మీద ఎక్కించుకోవద్దు, రూమ్‌లోకి ఒంటరిగా పిలవొద్దు, ఫోటోలు తీయొద్దు. మంచి మనసుతో చేసినా సరే.

నైట్ రౌండ్

మేడం చెప్పిందానికి ఇంకొకటి కలుపుతా. 2017లో గురుగ్రామ్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతి పిల్లాడు హత్యకి గురయ్యాడు. పోలీసులు మొదట పట్టుకున్నది బస్సు కండక్టర్‌ని. నేరం ఒప్పుకున్నాడని టీవీల్లో వారాల తరబడి వేశారు. తర్వాత సీబీఐ వచ్చి అదే స్కూల్లో చదివే 11వ తరగతి కుర్రాడిని అదుపులోకి తీసుకుంది, కండక్టర్‌ని కోర్టు వదిలేసింది. ఆ హత్య తర్వాతే సీబీఎస్ఈ స్కూళ్లలో టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్, సైకోమెట్రిక్ టెస్ట్ చేయించమంది. ఏదైనా జరిగితే ముందు వేలు చూపించేది డ్రైవర్, కండక్టర్, గార్డు వైపే అన్నా, జీతం తక్కువ, అడిగే నాథుడు ఉండడు. అందుకే మా గార్డులకి ఒకటే చెప్తా, ఏ టైముకి ఏ పాయింట్‌లో ఉన్నారు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, అప్పటికప్పుడు రాయండి. షిఫ్ట్ చివర కూర్చుని ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపిన రిజిస్టర్‌ని ఎవడు చూసినా కనిపెట్టేస్తాడు.

ఫ్రిస్కో నుంచి

హాయ్ అండీ, నేను టెక్సస్‌లో ఉంటాను, మా ఏరియాలో తెలుగువాళ్లు ఎక్కువే. మా ఇంటికి దగ్గరలోని హైస్కూల్లో కారిడార్లు, క్యాంటీన్, పార్కింగ్ చూసుకునే క్యాంపస్ మానిటర్ పని చేస్తున్నాను. ఇక్కడ పద్ధతి వేరు. 2022 మే నెలలో ఇదే రాష్ట్రంలోని యువాల్డీలో ఒక స్కూల్లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, 2023లో ప్రతి స్కూల్ క్యాంపస్‌లోనూ ఆయుధం ఉన్న ఆఫీసర్ ఉండాలని రాష్ట్రం చట్టం చేసింది. నా దగ్గర తుపాకీ ఉండదు, వాకీటాకీ మాత్రమే. తలుపులు లాక్ అయ్యాయా లేదా అని ఒక్కొక్కటీ లాగి చూడటం నా పనిలో పెద్ద భాగం. ఎండాకాలం గాలి రావట్లేదని తలుపుకి రాయి అడ్డం పెడతారు, పిజ్జా కోసం ఒకడు పక్క తలుపు తీసి పెడతాడు, ఇండియా అయినా అమెరికా అయినా పిల్లలు పిల్లలే.

మీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. ఇక్కడ డ్రిల్ చేసేటప్పుడు అందరికీ తెలిసిన మాటలు కొన్నే ఉంటాయి. క్లాసులోనే ఉండండి, బయట తలుపులు మూసేసి లోపల పాఠం చెప్పుకోండి, లైట్లు ఆపి దాక్కోండి, బయటికి వెళ్లండి, ఇలా ఒక్కోదానికి ఒక్కో మాట, 6వ తరగతి పిల్లకి కూడా ఏ మాటకి ఏం చేయాలో తెలుసు. మీ దగ్గర మైకులో ఏం చెప్పాలో ముందే రాసి పెట్టుకుంటే బాగుంటుంది. కంగారులో ప్రిన్సిపల్ ఏదో చెప్తారు, పిల్లలు గుంపుగా మెట్ల వైపు పరుగెడతారు, తొక్కిసలాట అక్కడే మొదలవుతుంది.

నైట్ రౌండ్

నిజమే. మా దగ్గర ఫైర్ మాక్ డ్రిల్ అంటే ఫోటో దిగి ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి, అంటే ఎన్‌ఓసీ ఫైల్లో పెట్టడం. ఒకసారి ముందు చెప్పకుండా చేయిద్దామని ఏఓని అడిగితే సిలబస్ పూర్తి కాలేదన్నారు.

ఫీల్డ్ ఆఫీసర్

అందరూ స్కూల్ వైపు నుంచే చెప్తున్నారు, నేను ఏజెన్సీ వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ఫౌజీ గారు సంతకం పెట్టేది ఏజెన్సీ కాగితం మీద.

ముందు లైసెన్స్ అడగండి. 2005 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ లేకుండా ఏ ఏజెన్సీ గార్డుల్ని పంపకూడదు, ఆ లైసెన్స్ ఆఫీసులో కనిపించేలా పెట్టి ఉండాలి. గార్డులకి ట్రైనింగ్ 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డ్‌లో అని కేంద్రం మోడల్ రూల్స్‌లో ఉంది, మీలాంటి ఎక్స్ సర్వీస్‌మెన్‌కి 40, 16 గంటలు చాలు. అంత ట్రైనింగ్ నిజంగా ఇచ్చేవాళ్లు ఎందరో మీరే అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల యూనిఫాం చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టడమే ట్రైనింగ్. సూపర్‌వైజర్ పోస్టుకి సైన్యంలో గానీ పోలీసుల్లో గానీ కనీసం మూడేళ్లు చేసినవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాబట్టి మీరు వాళ్లని బతిమాలే పనిలేదు, మీ డిశ్చార్జ్ బుక్ వాళ్లకి అవసరం. ఆ రూల్స్‌లోనే ఒక సూపర్‌వైజర్‌కి పదిహేను మంది గార్డులకి మించకూడదని కూడా ఉంది. మీకు పద్నాలుగు అన్నారు కదా, తర్వాత పక్క సైటు కూడా చూడు అని తగిలిస్తారు, అప్పుడు ఈ రూల్ గుర్తుచేయండి.

22,000 అన్నది గ్రాసా, చేతికా? గ్రాస్ 21,000 దాటితే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రాదు. మీకు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి ఇబ్బంది లేదు, మీ కింద గార్డులకి మాత్రం ఈఎస్ఐ ఉండాలి, వాళ్ల జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, ఏజెన్సీ 3.25 కట్టాలి. బేసిక్, డీఏ కలిపి 15,000 లోపు చూపిస్తే పీఎఫ్ కట్టి తీరాలి, ఇద్దరి వాటా 12 శాతం చొప్పున. ఆ ఏజెన్సీవాటా కూడా మీ జీతంలోంచే కోసి సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని చూపించేవాళ్లు ఉంటారు, ఆఫర్ లెటర్‌లో విడివిడిగా రాయించుకోండి. మొదటి రెండు నెలలు అయ్యాక మీ పీఎఫ్ నంబరు యూఏఎన్ పాస్‌బుక్ తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకోండి.

ఇక అసలు విషయం మస్టర్, అంటే హాజరు పట్టీ. స్కూల్ ఏజెన్సీకి పద్నాలుగు మందికి బిల్లు కడుతుంది, డ్యూటీకి పదకొండు మందే వస్తారు, మిగతా ముగ్గురి దగ్గర కూడా పీ (ప్రెజెంట్) అని పెట్టి సూపర్‌వైజర్ సంతకం చేస్తాడు. లేదా ఉన్నవాళ్లలో ఒకడిని రిలీవర్ (తర్వాతి షిఫ్ట్ గార్డు) రాలేదని కంటిన్యూ చేయిస్తారు, 24 గంటలు, ఒక్కోసారి 36. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర ఆపుకోలేక వాడు కుర్చీలో కూలబడతాడు, అప్పుడే నైట్ చెక్‌కి వచ్చి ఫోటో తీసి ఫైన్ వేస్తారు. నేను ఆ నైట్ చెక్‌లు చేసినవాడినే, ఆ పద్ధతి ఎంత దుర్మార్గమో నాకు తెలుసు. రాని మనిషికి పీ పెట్టొద్దు ఫౌజీ గారూ. రేపు అమ్మాయిల బ్లాకు వెనక ఏదైనా జరిగితే, అక్కడ గార్డు ఉన్నాడని మస్టర్ చెప్తుంది, లేడని కెమెరా చెప్తుంది, మధ్యలో ఉన్న సంతకం మీది.

నైట్ రౌండ్

ఇది చెప్పడం తేలిక అన్నా. పీ పెట్టనంటే రెండో రోజే సైటు మారుస్తారు, ఊరవతల గోడౌన్‌కి పంపిస్తారు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్నవాడు ఎంతకాలం ఎదురు తిరుగుతాడు? ఫౌజీ గారికి పెన్షన్ ఉంది కాబట్టి ఆయన అనగలరు.

ఫీల్డ్ ఆఫీసర్

ఒప్పుకుంటా. అందుకే ఎదురు తిరగమని అనట్లేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఏజెన్సీ, ఏఓ ఇద్దరూ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో "డే షిఫ్ట్ 7 గాను 5, వెనక గేటు పాయింట్ ఖాళీ" అని ఒక్క లైను పెట్టమంటున్నా, గుడ్ మార్నింగ్ మెసేజ్ లాగా. గొడవ పెట్టుకున్నట్టూ ఉండదు, నాకు తెలియదు అని రేపు ఎవరూ అనలేరు. స్కూల్‌కి బిల్లు కోత పెట్టుకునే అవకాశం వస్తుంది కాబట్టి ఏఓ మీ వైపే ఉంటాడు, ఏజెన్సీకి కోపం వచ్చినా మిమ్మల్ని అంత తేలిగ్గా కదిలించలేదు.

సోషల్ టీచర్

ఇది మా ప్రభుత్వ హైస్కూళ్లవాళ్లు చదివితే నవ్వుకుంటారు. ఆంధ్రాలో నాడు-నేడు పనులయ్యాక నెలకి 6,000 గౌరవ వేతనంతో నైట్ వాచ్‌మెన్‌ని పెట్టారు, అంతకుముందు అదీ లేదు. మా ఆయన పనిచేసే జెడ్పీ హైస్కూల్లో పగలు గేటు దగ్గర ఉండేది 10వ తరగతి లీడర్లే. ప్రైవేట్‌లో మీకు పద్నాలుగు మంది ఉంటే (కాగితం మీదైనా) అది చిన్న విషయం కాదు.

గూడెం ఫౌజీ

అందరికీ ధన్యవాదాలు అండి. హైదరాబాద్ వెళ్లొచ్చాను. నైట్ రౌండ్ అన్న చెప్పినట్టే స్కూల్ వదిలే టైముకి గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. బస్సులు ముక్కు లోపలికే పెట్టి ఉన్నాయి, అన్నీ రివర్స్‌లోనే బయటికొచ్చాయి, ఒక్క క్లీనర్ కూడా కిందకి దిగలేదు. ఆ టీ కొట్టులోనే సిగరెట్లు కూడా అమ్ముతున్నారు, గేటుకి ముప్పై అడుగులు ఉంటుందేమో. తర్వాత ఏఓ గారిని కలిశాను, మర్యాదగానే మాట్లాడారు. హాస్టల్ బ్లాకు చూపించమంటే చూపించారు, వెనక మెట్ల తలుపుకి సైకిల్ చైను వేసి తాళం పెట్టారు. అడిగితే, పోయిన ఏడాది ముగ్గురు పారిపోయారు సార్, అప్పటినుంచి అలాగే ఉంది అన్నారు. ఆ తాళం తీసి లోపలినుంచి తోస్తే తెరుచుకునే కడ్డీ పెట్టించాలని, తెరిస్తే మోగే చిన్న అలారం పెడితే పారిపోయేవాళ్లూ దొరుకుతారని చెప్పాను. ఖర్చు ఎంతవుతుందో కనుక్కోమన్నారు. బస్సుల సంగతికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు, దానికి ఖర్చు లేదు కదా.

రోజువారీ ఆర్డర్ ఎవరిదో రాసిస్తానన్నారు, ఆఫర్ లెటర్ వచ్చాక పీఎఫ్ లైను చూసి చెప్తాను. చేరదామనే అనుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. రాత్రి మెయిన్ గేటు దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. అడిగితే అరవై ఎనిమిది అన్నారు, ఏజెన్సీ కాగితాల్లో అరవై రెండు ఉందట. చూపు కూడా సరిగ్గా లేదు, నా కార్డు దూరంగా పెట్టి చదివారు. కానీ ప్రతి పిల్లాడి పేరూ, వాళ్ల నాన్న బండి ఏదో కూడా ఆయనకి తెలుసు, పిల్లలు తాతా తాతా అని ఆయన చుట్టూనే తిరుగుతున్నారు. వచ్చీరాగానే ఆయన్ని తీసేయించాలంటే మనసు రావట్లేదు.

ఫీల్డ్ ఆఫీసర్

చట్టం ప్రకారం 65 దాటితే గార్డుగా ఉండకూడదు. తప్పుడు వయసు పెట్టింది ఏజెన్సీ, కానీ తెలిసి ఊరుకుంటే మీరూ అందులో భాగమే. రాత్రి మెయిన్ గేటు నుంచి మాత్రం మొదటి రోజే మార్చండి.

నైట్ రౌండ్

మార్చడం సరే, ఉద్యోగం తీసేయించొద్దు. మా దగ్గర ఇలాగే ఒకాయన ఉంటే ఏఓతో మాట్లాడి స్కూల్ సొంత పేరోల్‌లో అటెండర్‌గా పెట్టించాం. సాయంత్రం వదిలే టైముకి ఔట్‌పాస్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాం. బాబాయినని చెప్పి వచ్చినవాళ్లని కాగితం చూడకముందే ఆయన గుర్తుపడతాడు, కాగితం మాత్రం మా గార్డే చదువుతాడు. ఏఓ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన ఎంతకాలం నుంచి ఆ గేటు దగ్గర ఉన్నాడో కనుక్కుని వెళ్లండి, అది చెప్తే కాదనడం కష్టం.